శివారు మడి

వెదుళ్ళపాలెం,
జూలై మొదటి వారం.

ఉదయ్,

నీకూ శ్రీసత్యకీ ఆశీస్సులు. ఇక తిట్లు.

ఫోను చేస్తే "మిషను మీదున్నానక్కా, మల్లీ సేత్తాను" అంటావు. ఆ మళ్ళీ ఎప్పుడూ రాదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. మన కాంతం రోజూ ఆకుకూరల గంపతో గాజువాక రైతుబజారుకి వస్తుంది కదా, గోంగూర కట్టల కింద పెట్టి పంపిస్తున్నాను. మీ షాపుదాకా వచ్చి నీ చేతికే ఇస్తానంది. జవాబు కూడా కాగితం మీదే రాయి. కాగితానికి సిగ్నల్ లేదని చెప్పలేవు.

సంగతి నీళ్ళదే. ఆకుమడి జానెడు పెరిగి నన్ను చూస్తోంది. ఊళ్ళో దమ్ములు మొదలైపోయాయి. గెడ్డలో నీళ్ళు లేవా అంటే ఉన్నాయి. ఆనకట్ట దగ్గర మోకాలి లోతున నిలిచి ఉన్నాయి. మదుం తలుపు ఎత్తితే కాలువలోకి ఉరుకుతున్నాయి. కాలువ చివర, మన మడి ఉన్న శివారుకి వచ్చేసరికి మాత్రం అడుగున ఇంత బురద, అంతే.

మధ్యలో ఎవరు తాగేస్తున్నారో చెప్తాను. మనతో బడిలో చదివిన అప్పలరాజు ఇప్పుడు ట్యాంకర్ల ఓనరు. కాలువ పక్కన తన కొబ్బరితోటలో లారీ పట్టేంత గుంత తవ్వించాడు. పేరుకి బావి. బావికి కాలువలోంచి గండి ఎందుకురా? కాలువలోంచి గుంతలోకి, గుంతలోంచి మోటారుతో ట్యాంకర్లోకి, ట్యాంకరు మీ పట్నానికి. అడిగితే నవ్వుతాడు. "కాలవ నీరు కాదు రమణమ్మా, ఊట" అంటాడు. పక్కన గండి కనబడుతూనే ఉంది, ఊట అంటున్నాడు, నవ్వుతున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది.

మండలం ఆఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చాను. చెరువైతే మా పరిధి, గెడ్డయితే కాదు అన్నారు. గెడ్డ ఎవరి పరిధో వాళ్ళకీ తెలీదు. అప్పలరాజుకి తెలుసు, వాడి పరిధి.

నాన్న పోయాక కాలువ తిప్పే పని నా మెడకే పడింది. మీ బావ ఉన్నన్నాళ్ళూ ఆయన తోడు ఉండేవాడు. ఇప్పుడు ఒక్కదాన్నే పార భుజాన వేసుకుని ఆనకట్ట నుంచి శివారుదాకా నడుస్తున్నాను. నువ్వు మగవాడివి, పట్నంలో నలుగురిని ఎరిగినవాడివి. ఒకసారి వచ్చి వాడితో మాట్లాడతావా, మాట్లాడవా?

నీ అక్క,
రోజారమణి.


ఆటోనగర్, గాజువాక,
జూలై, ఆదివారం.

అక్కకి,

నీ ఉత్తరం గోంగూర పులుపుతో సహా అందింది. శ్రీసత్య చదివి, "ఇది ఉత్తరమాండీ, పోలీసు కేసాండీ?" అంది. వాళ్ళది గోదావరి వైపు కదా, కాలువలో నీళ్ళు లేకపోవడం ఏమిటో ఆమెకి ఎంత చెప్పినా ఎక్కదు.

నేను ఫోను తప్పించుకుంటున్నాననుకోకు. పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు కాలిపోయిన మోటార్లు విప్పడం, మాడిన రాగితీగ పీకడం, కొత్త తీగ చుట్టడం, వార్నీషు పోయడం. చేతులు అంటుకుపోయి ఉంటాయి. ఫోను ఎత్తాలంటే ముందు కిరసనాయిలుతో కడుక్కోవాలి.

నీ నీళ్ళ గొడవ విన్నాను. మా నీళ్ళ గొడవ నువ్వు వినలేదు. మా వీధి కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అదీ ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు వెళ్ళే వేళకి. ఒక్కోసారి రాదు. అప్పుడు ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటారు. శ్రీసత్య కూడా. గోదావరి మర్యాద అంతా ఆ వరసలోనే పోయింది.

అప్పలరాజుతో మాట్లాడమన్నావు. నేను వెళ్ళక్కర్లేకుండా అతనే వచ్చాడు, బాగుచేయడానికి మోటారు తెచ్చి. నీ మాటే ఎత్తాడు. "బావా, మీ అక్క శివారులో ఎందుకు కొట్టుకుంటాది? మదుం పక్కన నా మడి ఉంది కదా, అది తీసీసుకోమను. అంతకి అంత. శివారుది నాకిచ్చీండి. ఎండినా పండినా నాను సూసుకుంటాను" అన్నాడు. పైన ఏమీ అడగలేదు.

ఆలోచించు అక్కా. మదుం పక్క మడి అంటే ఊళ్ళో అందరికన్నా ముందు తడిసే మడి. గొడవ పడి గెలిచినా ఇంతకన్నా మంచిది దొరకదు. భూమి మనిద్దరి పేరునా ఉంది కాబట్టి నా సంతకం కూడా కావాలి. నేను సిద్ధం.

ఉదయ్.


వెదుళ్ళపాలెం,
జూలై.

ఉదయ్,

ఇది నా తమ్ముడు రాసిందేనా అని కాగితం తిప్పి తిప్పి చూశాను. అక్షరం నీదే. బుద్ధి ఎవరిదో.

మదుం పక్క మడి ఇచ్చి ఎండు మడి తీసుకుంటాడట! ఎందుకని ఒక్క మాట అడిగావా? కిరాణాకొట్లో పుచ్చొంకాయకి మంచి వంకాయ మార్చి ఇమ్మంటేనే ఇవ్వరు. వాడికి ఉన్నట్టుండి నా మీద జాలి పుట్టుకొచ్చిందా?

నాన్న నిన్ను గట్టు మీద కూర్చోబెట్టి చెప్పింది మరిచిపోయినట్టున్నావు. మళ్ళీ చెప్తాను, ఈసారి రాసిపెట్టుకో. తాతల నాడు ఊరంతా కూర్చుని, కాలువ నీళ్ళు పారించే నీరుకట్టు కుటుంబానికి కాస్త భూమి ఇద్దామనుకున్నప్పుడు కాలువ తల దగ్గర మడి ఇవ్వలేదు. కాలువ ఎక్కడ ఆఖరవుతుందో అక్కడ ఇచ్చారు. నీరుకట్టువాడి మడి తడవాలంటే వాడు నీళ్ళు చివరిదాకా తేవాలి. చివరిదాకా వచ్చిన నీళ్ళు దారిలో అందరి మడులూ తడిపే వస్తాయి. గండి పెట్టినవాడితో వాడే పోట్లాడతాడు, పూడిక వాడే తీస్తాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, వాడి ఆకలే వాడికి చెప్తుంది. అందుకే కళ్లంలో ఇంటికి ఒక కుంచం ధాన్యం మనకి కొలిచేది. శివారు మడి మనకి చిన్నతనం కాదురా. అది ఊరు మన దగ్గర పెట్టిన నమ్మకం.

ఆ మడి ఇచ్చేసి నేను తల దగ్గర కూర్చుంటే శివారులో అసిరమ్మ గతి ఏమిటి? మన పై మడి ఆమెది. మొగుడు లేడు, కొడుకు ఫిషింగ్ హార్బర్లో ఐసు మోస్తాడు, ఆమెకి ఆ మడి తప్ప ఏమీ లేదు. నేను చివర ఉన్నాను కాబట్టి ఆమెకి నీళ్ళు వస్తున్నాయి.

నువ్వు సంతకానికి సిద్ధమట. నేను చావడానికైనా సిద్ధం గానీ దానికి కాదు. ఈ మాట మళ్ళీ ఎత్తకు.

రోజారమణి.


ఆటోనగర్,
జూలై ఆఖరు.

అక్కకి,

నువ్వు రాసిందంతా నిజమే. నువ్వు రాయకుండా వదిలేసింది కూడా ఉంది. అది నేను రాస్తాను.

నాన్న ఆఖరి రోజుల్లో గోనెసంచి చంకన పెట్టుకుని కళ్లాల చుట్టూ తిరగడం నువ్వూ చూశావు, నేనూ చూశాను. "వచ్చే ఏడు సూద్దాం మావా" అన్నవాళ్ళే అందరూ. కుంచం కొలవడానికి చేతులు రాలేదు వాళ్ళకి. మళ్ళీ మడి ఎండితే మాత్రం మన గుమ్మంలో నిలబడి నాన్నని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. నీళ్ళలో నాని నాని ఆయన పాదాలు పాచిపోయాయి. వేళ్ళ సందుల్లో పుళ్ళతో చెప్పులు కూడా వేసుకోలేకపోయాడు. పెద్దాసుపత్రిలో మంచం మీద ఉన్నప్పుడు ఊళ్ళోంచి ఎవరొచ్చారో చెప్పు. నేను చెప్తాను. ఎవరూ రాలేదు.

మన ఆకలి ఊరికి కాపలా అట. చాలా బాగుంది. కాపలా కుక్కకైనా ఇంత అన్నం పెడతారు అక్కా.

నీ మోకాళ్ళు వాచాయని కాంతం చెప్పింది. నువ్వు రాయలేదు. ఊరి నమ్మకం గురించి పేజీ నిండా రాశావు, మోకాళ్ళ గురించి ఒక్క అక్షరం లేదు. రేపు నువ్వు కాలువలో పడిపోతే అసిరమ్మ వచ్చి ఎత్తుకుంటుందా? నాకు ఊరు అక్కర్లేదు. నాకు ఉన్నది నువ్వొక్కదానివే. నాన్నలాగ నువ్వు కూడా పుండ్ల కాళ్ళతో పోతే నేను ఎవరిని అడగను?

ఉదయ్.


వెదుళ్ళపాలెం,
ఆగస్టు.

ఉదయ్,

సరే.

ఏమైందో అడుగుతావు కాబట్టి రాస్తున్నాను. మొన్న పొద్దున్న కాలువలో కాలు మడతపడి కూలబడిపోయాను. పార ఎటో పోయింది. లేవబోతే మోకాలు ఒప్పుకోలేదు. అప్పలరాజు ట్యాంకరు డ్రైవరు చూసి హారన్ కొట్టుకుంటూ పోయాడు. తల మడులవాళ్ళు గట్టు మీద టీ తాగుతున్నారు. అందులో ఒకడు "రమణమ్మా, పడ్డావేటి?" అని అడిగాడు. అడిగి మళ్ళీ టీ తాగాడు. బురదలో కూర్చున్న మనిషి పడకపోతే పూజకి కూర్చుందా? ఆ బురదలోనే నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా అనిపించింది.

అప్పలరాజుకి సరేనన్నాను. ఈ పంటకి వాడి మడి నేను చేసుకోవడం, మన మడి వాడికి వదిలేయడం. కోతలయ్యాక మనిద్దరం వెళ్ళి సంతకాలు పెడితే రిజిస్ట్రేషను.

ఉడుపులు అయిపోయాయి. మదుం పక్క మడిలో నీళ్ళ కోసం పార ఎత్తనే లేదురా. చేత్తో ఇంత మట్టి తీశాను, నీళ్ళు వాటంతటవే వచ్చేశాయి. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇంత తేలికా? నాన్న జన్మంతా దీని కోసమా కొట్టుకుంది అని.

కాలువ తిప్పే పని ఉంది, పోలేదు. మదుం ఎత్తుతున్నాను, దింపుతున్నాను. శివారుదాకా నడవడం కాస్త తగ్గించాను. మోకాళ్ళు నయం.

అక్క.


ఆటోనగర్,
సెప్టెంబరు.

అక్కకి,

నీ ఉత్తరం చదివి షాపులో అందరికీ టీ ఇప్పించాను. ఇదిగో, ఇప్పటికి నా మాట విన్నావు.

ఇక్కడ అంతా బాగుంది. పని బాగా దొరుకుతోంది. ఒక పార్టీ పెద్ద మోటార్లు ఇస్తున్నాడు, వరసగా. కొత్త కుర్రాణ్ణి పెట్టుకుందామనుకుంటున్నాను. శ్రీసత్య నీకు నొప్పుల నూనె పంపింది, కాంతం దగ్గర తీసుకో. రాసుకుని కాళ్ళు చాపుకుని కూర్చో.

ఉదయ్.


వెదుళ్ళపాలెం,
అక్టోబరు ఆఖరు.

ఉదయ్,

నిన్న అసిరమ్మ నా మడి గట్టు మీదకి వచ్చింది. నా వరి నడుము ఎత్తు ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఒలే రమణా, నీ మడి తడిసిపోనాదని మా మడులు కూడా తడిసిపోనాయనుకున్నావేటి?" అంది.

నాకు కోపం వచ్చింది. మదుం ఎత్తాను కదా, నీళ్ళు వదులుతూనే ఉన్నాను కదా అన్నాను. "వదిలితే సాలదే. తేవాల" అంది. గట్టు దిగి వెళ్ళిపోయింది.

అప్పుడు వెళ్ళాను కాలువ వెంట. దసరాకి ముందు వెళ్ళినదాన్ని, మళ్ళీ నిన్ననే. ఏం చూశానో విను. గుంతకి పెట్టిన గండి ఇప్పుడు కాలువంత ఉంది. దాన్ని దాటి పారుతున్నది చేతివేలంత. గుంత మీద రెండో మోటారు, ఇంకా పెద్దది. మిగిలిన చెంచాడు నీళ్ళకి తల మడులవాళ్ళు తలా ఒక కన్నం పెట్టుకున్నారు. నేను రావడం మానేశానని అందరికీ తెలిసిపోయింది, నాకు తప్ప. గెడ్డ కూడా ఆనకట్ట కింద ఎండిపోయింది. మనం చిన్నప్పుడు పరిగె చేపలు పట్టిన మడుగులో మేకలు పడుకున్నాయి.

శివారులో వరి పొట్ట మీద ఉంది. పొట్ట విప్పి చూశాను. వెన్ను లోపలే ఎండిపోయింది, బయటికే రాలేదు. నేల పగుళ్ళలో నా పాదం పట్టింది. ఇక మన మడి. అప్పలరాజు అందులో నాటు వేయలేదురా! దున్ననైనా దున్నలేదు. తుమ్మ మొలిచింది.

ఇప్పుడు అర్థమైందా వాడికి ఆ మడి ఎందుకో? నీళ్ళు ఆపాలంటే వాడు మదుం మూయనక్కర్లేదు. మూస్తే ఊరు తిరగబడుతుంది. నీళ్ళు చివరిదాకా తెచ్చే మనిషిని తల దగ్గర కూర్చోబెడితే చాలు. నన్ను కూర్చోబెట్టాడు. కడుపునిండా నీళ్ళు పోసి కూర్చోబెట్టాడు. నేను కూర్చున్నాను!

ఇది కాక ఇంకొకటి. ఆ రెండో మోటారు బిగించింది ఎవరో కాంతం చూసింది. బైకు మీద వచ్చి, లుంగీ ఎగ్గట్టి, గుంతలో దిగి బిగించి వెళ్ళాడట. ఆ గుంత దగ్గర నుంచి మన ఇంటికి ఎంత దూరం? పిలిస్తే పలికేంత. ఊళ్ళోకి వచ్చి అక్క గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయావా ఉదయ్? మంచినీళ్ళకి కూడా రాలేదా? వరసగా మోటార్లు ఇస్తున్న పార్టీ ఎవరో నాకు రాయలేదేం?

రోజారమణి.


ఆటోనగర్,
నవంబరు.

అక్కకి,

నా పని మోటార్లు. ఎవరు తెస్తే వాళ్ళవి బాగుచేస్తాను. నీళ్ళు ఎక్కడివి, ఎవరివి అని అడిగి చేస్తే నా షట్టరు దించుకోవాలి. గుంత నేను తవ్వలేదు, గండి నేను పెట్టలేదు.

పట్నానికి నీళ్ళు అక్కర్లేదా? మీ ఊరి పిల్లలే సగం మంది ఇక్కడ ఉన్నారు. పోర్టులో ఉన్నారు, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. వాళ్ళు తాగవద్దా, స్నానాలు చెయ్యవద్దా? శ్రీసత్య ఎండలో బిందెతో నిలబడితే అది నీళ్ళ కష్టం కాదా? మీదే కష్టమా? ట్యాంకరు రాకపోతే మా వీధి ఏమవుతుందో ఒకసారి వచ్చి చూడు.

ఇంటికి రాలేదంటే టైం లేక. అంతకన్నా ఏమీ లేదు. మాట ఇచ్చింది నువ్వు, మడి మార్చుకుంది నువ్వు. ఇప్పుడు నా మీద పడితే ఎలా?

ఉదయ్.


వెదుళ్ళపాలెం,
డిసెంబరు.

ఉదయ్‌కుమార్ గారికి,

కోతలు అయ్యాయి. నాకు బాగా పండింది. ఊళ్ళో నా అంత ఎవరికీ పండలేదు.

కళ్లం ఎత్తిన రోజు సాయంత్రం అసిరమ్మ మన ఇంటికి వచ్చింది. కుంచం తెచ్చింది. మూడేళ్ళుగా కొలవని కుంచం. నా గుమ్మంలో చాప పరవమంది. పరిచాను. దాని మీద కుంచం బోర్లించింది. అంతా తాలు. ఒక్క గట్టి గింజ లేదు. గాలికి సగం నా కాళ్ళ మీద పడింది.

"ఇదే పండినాది. నీ వంతు నీకు కొలిసినాను. ఎవుల రునమూ ఉంచుకోను నాను" అని వెళ్ళిపోయింది.

ఊడవలేదు. చాప అలాగే ఉంది. రోజూ దాటుకుని లోపలికి వెళ్తున్నాను.

పట్నానికి నీళ్ళు అక్కర్లేదా అని అడిగారు. కావాలి. అడిగితే ఈ ఊరు ఇచ్చేది. దాహానికి లేదని ఇక్కడ ఎవరూ అనలేదు, ఇంతవరకూ. దొంగతనం చేసి దాహం పేరు చెప్పకండి.

వచ్చే వారం రిజిస్ట్రేషను అని అప్పలరాజు కబురు పెట్టాడు. నేను సంతకం పెట్టను. మీరు పెడతారో మానతారో మీ ఇష్టం.

రోజారమణి.


ఆటోనగర్,
జనవరి.

అక్కా,

నన్ను గారూ అన్నావు. నాలుగు రోజులు ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. శ్రీసత్య కూడా చదివింది. మర్నాడు వీధిలోకి ట్యాంకరు వస్తే బిందె పట్టుకుని బయటికి వెళ్ళలేదు.

మొన్న అప్పలరాజు వచ్చాడు. పెద్ద మోటారు కాలిపోయింది, ఆటోలో వేసుకుని తెచ్చాడు. షాపులో కూర్చుని టీ తాగుతూ తొందర పెట్టాడు. అతను అన్న మాట అన్నట్టే రాస్తాను.

"బేగి సుట్టియ్యి బావా. ఇంకొక్క పంట ఎండితే సాలు, శివారోలందరూ ఆళ్ళంతట ఆళ్ళే వచ్చి భూములిచ్చీత్తారు. అప్పుడవి పొలాలు కావు, ప్లాట్లు."

"మరి మా అక్కకి మంచి మడి ఇచ్చావు కదా" అన్నాను.

నవ్వాడు. "మీ అక్క శివారులో ఉన్నన్నాళ్ళూ నీరు శివారుకి వత్తానే ఉంటాది కదేటి! ఒక్క మడి ఇచ్చి శివారంతా కొంటన్నాను. యాపారం అంటే అది బావా" అని నా భుజం మీద చరిచాడు.

అక్కా, నాకు ఎక్కడ తగిలిందో తెలుసా? నా దగ్గర దాచాల్సిన పనే లేదనుకున్నాడు. నీ తమ్ముడి ముందు కూర్చుని నిన్ను ఎలా బోల్తా కొట్టించాడో చెప్పి, నేను కూడా నవ్వుతానని ఆగి చూశాడు. నేను వాడి మనిషినని వాడికి అంత నమ్మకం. ఆ నమ్మకం వాడికి ఇచ్చింది నేనే కదా!

"మీ ట్యాంకర్లన్నీ దాహానికేనా?" అని అడిగాను. మా వీధికి ఒకటి వస్తోందట. మిగతావి కొత్త వెంచర్లో గడ్డి పెంచడానికి, కొనేవాళ్ళు వచ్చి చూసినప్పుడు పచ్చగా కనబడాలని. అసిరమ్మ వరి ఎండగట్టి గడ్డి తడుపుతున్నారు. మా ఆడవాళ్ళని బిందెలతో నిలబెట్టి, వాళ్ళని చూపించి గడ్డి తడుపుతున్నారు.

మోటారు చుట్టలేదు. కుర్రాడూ నేనూ కలిసి ఎత్తి రోడ్డు మీద పెట్టేశాం. అప్పలరాజు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆటోనగర్‌లో నీకు ఇంక ఎవడు పనిస్తాడో చూస్తానన్నాడు. సంతకం పెట్టనని వాడి ముఖం మీదే చెప్పాను. వాడు ఇంకో షాపుకి వెళ్ళి చుట్టించుకుంటాడు, తెలుసు. ఈ ఊళ్ళో మోటార్లు చుట్టేవాళ్ళకి కొదవ లేదు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఆ లోపు ఏం చేస్తావో చెయ్యి.

ఆ రోజు ఇంటికి రాలేదంటే టైం లేక కాదు. వస్తే నువ్వు అన్నం పెడతావు. తినలేను అనిపించింది.

నీ తమ్ముడు,
ఉదయ్.


వెదుళ్ళపాలెం,
ఫిబ్రవరి.

ఒరేయ్ ఉదయ్,

మోటారు రోడ్డు మీద పెట్టావని నీ ఉత్తరం కన్నా ముందు కాంతమే చెప్పింది. ఆ రోజు గంపలో కూరలన్నీ అమ్ముకోకుండా వచ్చేసింది, నాకు చెప్పాలని.

అప్పలరాజు ఇంటికి వెళ్ళాను. "నీ మడి నీకు, మా మడి మాకు" అన్నాను. వాడు మాట తప్పావని కేకలేశాడు. నేనూ వేశాను. వాడి గుమ్మం ముందు వీధి వీధంతా చేరేదాకా వేశాను. నాన్న చచ్చిపోయాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. శివారంతా కొంటున్నానని వాడు నీతో అన్న మాట కూడా అందరి ముందూ చెప్పాను. తల మడులవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. శివారు అయ్యాక తమ వంతే వస్తుందని ఇప్పటికి తట్టినట్టుంది.

ఇంటికి వచ్చి ధాన్యం బస్తాలు విప్పాను. మదుం పక్క మడిలో పండిన గింజలు. అవి నా ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. శివారులో ఇంటింటికీ వెళ్ళి కుంచం చొప్పున కొలిచాను. ఏటా వాళ్ళు కొలవాలి, నేను సంచి పట్టాలి. ఈ ఏడు నేను కొలిచాను, వాళ్ళు చేట పట్టారు. కొందరు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు, కొందరు తిట్టి తీసుకున్నారు. అసిరమ్మ తలుపు వేసుకుంది. అరుగు మీద పోసి వచ్చేశాను.

మర్నాడు పార తీసుకుని గుంత దగ్గరికి వెళ్ళాను, గండి ఒక్కదాన్నే పూడుద్దామని. వెళ్ళేసరికి శివారు ఆడవాళ్ళు ముందే ఉన్నారు. అసిరమ్మ కూడా ఉంది, నా వైపు చూడలేదు. రాళ్ళూ మట్టీ వేసి పూడ్చేశాం. అప్పలరాజు మనుషులు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు, కేసు పెడతారట. పెట్టుకోనీ. కొత్త మోటారు తెస్తాడు, అదీ తెలుసు. తెస్తే మళ్ళీ పూడుస్తాం.

ఇప్పుడు వరి లేదు కదా, ఒక్క తడి ఇస్తే పెసలు చల్లుకోవచ్చు. గెడ్డలో ఉన్న కాసిని నీళ్ళూ మదుం ఎత్తి వదిలాను. ఈసారి వదిలి ఊరుకోలేదు. పార పట్టుకుని నీళ్ళ వెంటే నడిచాను. తల దగ్గర కన్నాలన్నీ మూయించాను. పూడిక దగ్గర మోకాళ్ళ మీద పాకి చేత్తో తీశాను. మోకాళ్ళ సంగతి అడగకు. నీళ్ళు శివారుకి చేరి ఒక్కో మడీ తడిసి, అసిరమ్మ మడి దాకా వచ్చాయి. నేను వెళ్ళి మన మడిలో నిలబడ్డాను. తుమ్మ కొట్టించి దున్నించాను, పొడి దుమ్ము. మన మడికి నీళ్ళు రావాలంటే అసిరమ్మ గట్టు కొట్టాలి. ఆమె మడి నిండేదాకా గట్టు మీద చెయ్యి వేసే హక్కు నాకు లేదు. నిండాక కూడా, ఈ ఏడు అడగడానికి నాకు నోరు రాలేదు. నిలబడ్డాను, అంతే.

ఆమె మడి నిండింది. ఆమె పార తీసుకుని నా ముందుకి వచ్చి, తన గట్టు తనే కొట్టింది. నీళ్ళు నా పాదాల మీదకి వచ్చాయి.

నాకు ఏడుపు ఆగలేదు. "అప్పా" అని ఏదో అనబోయాను.

"ఏడవకు. నీ మీద జాలికి కాదే" అంది. "నీ మడి ఎండితే నువ్వు మల్లీ తలకి ఎల్లిపోతావు. అప్పుడు మా గతేటి?"

పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఇదివరకైతే నాకు రోషం వచ్చేది ఉదయ్. రాలేదు. ఆమె నన్ను నమ్మడం లేదు, నా మడిని నమ్ముతోంది. ఆలోచిస్తే నాన్నకీ అంతే దక్కింది. అంతటితోనే ఆయన జన్మంతా నీళ్ళు తెచ్చాడు.

వచ్చే ఆదివారం కాలువ పూడికతీత. ఇంటికి ఒక మనిషి రావాలి, పార ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మన వంతు ఎప్పటిలాగే ఆఖరి ముక్క, అసిరమ్మ గట్టు నుంచి మన మడి దాకా. నాన్న పార పిడి మార్పించి ఉంచాను, చూరులో ఉంది. శ్రీసత్యని కూడా తీసుకురా. పని అయ్యాక మన ఇంట్లోనే అన్నం.

అక్క.